బరువు తగ్గించే ఆపరేషన్ – నా అనుభవం, నా మనవి

(సంఘం వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతుల్ని. పిల్లలకు అలిఫ్, బే మొదలుకొని లెక్కల దాకా చెప్పడం నా పని. సభలో తెలుగులో మాట్లాడే అలవాటు తక్కువ, కాబట్టి భాషలో తప్పులు దొర్లితే పెద్దమనసుతో మన్నించగలరు. కార్యదర్శిగారు నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. అది నేను ఏటా మాట్లాడేదే, మీరు ఏటా వినేదే. ఈసారి మాత్రం ఒక అబద్ధం గురించి మాట్లాడనివ్వమని వారిని బతిమాలుకున్నాను. ఆ అబద్ధం ఎవరిదో కాదు, నాదే.

2021లో నా బరువు 118 కిలోలు. బడిలో మెట్లెక్కితే మూడో మెట్టు దగ్గర ఆగేవాణ్ణి. నమాజులో సజ్దాకు వంగి లేవలేక కుర్చీ తెచ్చుకున్నాను. షుగరుకు మాత్రలు పోయి ఇన్సులిన్ వచ్చింది. రాత్రి గురకకు మా ఆవిడ లేచి నా ముక్కు దగ్గర వేలుపెట్టి ఊపిరి ఆడుతోందా లేదా అని చూసుకునేది. 2023 నాటికి నా బరువు 84 కిలోలు. మీరంతా చూశారు. "ఏం చేశారు మాస్టారూ?" అని ఎందరో అడిగారు. అడిగినవారందరికీ ఒకటే జవాబిచ్చాను: "పొద్దున్నే కాలువ గట్టున నడుస్తున్నాను, రాత్రి అన్నం మానేశాను." మధ్యలో విజయవాడ ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులకు "గాల్ బ్లాడర్లో రాళ్ళు" అని చెప్పాను.

అది నిజం కాదు. 2021 నవంబరులో నేను బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నాను. దాన్ని బేరియాట్రిక్ సర్జరీ అంటారు. "తిండి తగ్గించుకోలేక పొట్ట కోయించుకున్నాడు" అని నలుగురూ నవ్వుతారని దాచాను.

దాచితే ఎవరికేం నష్టమని అనుకున్నాను. పోయిన బక్రీదుకు నా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. కైకలూరు వైపు చేపల వ్యాను నడుపుతాడు. ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు, బరువు 130 కిలోలు దాటింది. కూర్చోమంటే కుర్చీ విరుగుతుందేమోనని గుమ్మంలోనే నిలబడ్డాడు. "సార్, మీరు చెప్పినట్టే ఏడాదిన్నర నడిచాను. రాత్రి అన్నం మానేశాను. పన్నెండు కిలోలు తగ్గి, మళ్ళీ పదిహేను పెరిగాను. మీకున్న సబ్ర్ నాకు లేదు సార్. నేను దేనికీ పనికిరాను" అన్నాడు.

ఆ పూట నాకు ముద్ద దిగలేదు. చిన్నప్పుడు వాడికి లెక్క తప్పితే చెవి మెలిపెట్టినవాణ్ణి. ఇప్పుడు తప్పు లెక్క వాడి చేతికిచ్చింది నేను. అప్పుడే వాణ్ణి లోపలికి పిలిచి ఉన్నదంతా చెప్పాను. వాడు కోపగించలేదు. "ముందే చెప్పివుంటే బాగుండేది సార్" అన్నాడు, అంతే. ఆ మాటే నన్ను ఈ వేదిక మీదికి ఎక్కించింది.

ముందుగా ఈ ఆపరేషన్ ఏమిటో తెలుసుకుందాం. ఇది కొత్త వింత కాదు. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్ మొదటి గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. ఈనాడు పొట్ట పెద్దగా కోయకుండా, చిన్న రంధ్రాల ద్వారా దూర్బీను పెట్టి చేస్తున్నారు. ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది స్లీవ్: ఆహార సంచిలో సుమారు ముప్పాతిక భాగం తీసివేసి, మిగిలినదాన్ని అరటికాయలాగా సన్నగా ఉంచుతారు. రెండవది బైపాస్: పైభాగాన ముప్ఫై మిల్లీలీటర్ల చిన్న సంచిని వేరుచేసి, దాన్ని తిన్నగా చిన్నప్రేగుకు కలుపుతారు. నాకు షుగరు ముదిరి ఉండటంవల్ల డాక్టరుగారు బైపాస్ చేశారు.

సినిమా పత్రికలలో చదివే కొవ్వు పీల్చే పద్ధతి, అంటే లైపోసక్షన్, వేరు. తెలుగు చిత్రాల నాయిక ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో చిన్న వయసులోనే చనిపోయినప్పుడు, కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. అప్పటినుంచి మన ఇళ్ళలో "బరువు ఆపరేషన్ అంటే ప్రాణం మీదికే" అన్న భయం పాతుకుపోయింది. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును తీస్తుంది. అది ఒంటి ఆకారం దిద్దడానికే గాని, షుగరుకో ఊబకాయానికో వైద్యం కాదు. బేరియాట్రిక్ ఆపరేషన్ ఆకలినీ, జీర్ణక్రియనూ, షుగరునూ మారుస్తుంది. ఇందులోనూ ప్రమాదం లేకపోలేదు. కుట్టు దగ్గర లీకు కావచ్చు, కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టవచ్చు. అనుభవం ఉన్న కేంద్రాలలో ప్రాణాపాయం వెయ్యిమందిలో ఒకరిద్దరికి మించదంటారు. ఆ ఒకరిద్దరూ మనుషులే గదా! అందుచేత వేళాకోళంగా తీసుకోకూడదు, అనవసరంగా బెదరనూ కూడదు.

ఎవరికి అవసరం? నల్లబల్ల మీద వేసే లెక్కే ఇది. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తును రెండుసార్లు పెట్టి భాగించాలి. నా ఎత్తు 1.68 మీటర్లు. 1.68ని 1.68తో గుణిస్తే సుమారు 2.82. 118ని దానితో భాగిస్తే దాదాపు 42. దీనినే బి.ఎం.ఐ. అంటారు. మన దేశపు వైద్యులు చాలాకాలం పాటించిన లెక్క ప్రకారం ఇది 37.5 దాటినవారికి, లేక 32.5 దాటి షుగరు, బి.పి. వంటి జబ్బులున్నవారికి ఆపరేషన్ ఆలోచించవచ్చు. 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు ఈ గీతను ఇంకా కిందికి దించి, ఆసియా వాసులకు 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. కాని ఇన్సూరెన్సు లెక్క వేరు. ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్ళు నిండి, 40 ఉండాలి, లేదా 35 ఉండి గుండెజబ్బు, అదుపు తప్పిన షుగరు, నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన జబ్బు వంటివి ఉండాలి. వేరే పద్ధతులతో తగ్గలేదని కూడా తేలాలి. కాబట్టి డాక్టరు సరేనన్నా కంపెనీ కాదనవచ్చు. నగలు కుదువ పెట్టకముందే ఈ సంగతి రాతపూర్వకంగా తెలుసుకోండి. నాకు మొత్తం మూడు లక్షల పైచిలుకు అయింది.

ఇంకొక ముఖ్యమైన మాట. బరువు తగ్గడానికి మనోబలం చాలదా అని అడుగుతారు. కొంత తగ్గడానికి చాలు. కాని బాగా పెరిగిన శరీరం ఆ బరువునే తన ఇల్లనుకుంటుంది. తగ్గించబోతే ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. నా శిష్యుడు పన్నెండు తగ్గి పదిహేను పెరగడం సోమరితనం కాదు, శరీర ధర్మం. 2025లో వారానికొక సూదిగా తీసుకునే కొత్త మందులు కూడా మన దేశానికి వచ్చాయి. ఎవరికి మందు, ఎవరికి ఆపరేషన్ అన్నది డాక్టరే చెప్పాలి గాని వాట్సాప్ చెప్పకూడదు.

ఇక ముందు జాగ్రత్తలు. ఆపరేషన్‌కు రెండు నెలల ముందునుంచే నన్ను తయారుచేశారు. రక్తపరీక్షలు, ఇ.సి.జి., గొంతులోంచి గొట్టం వేసి పొట్ట చూడటం, నిద్ర పరీక్ష అన్నీ అయ్యాయి. మానసిక వైద్యుని దగ్గరికి పంపితే "నాకేమన్నా పిచ్చా?" అని అలిగాను. ఆయన అడిగింది ఒకటే: "మీరు ఆకలికి తింటారా, దిగులుకు తింటారా?" నలభై రెండేళ్ళు వచ్చేదాకా నన్నెవరూ అడగని ప్రశ్న అది. మా అబ్బాజాన్ పోయినప్పటినుంచీ నేను దిగులుకే తింటున్నానని అప్పుడు తెలిసింది.

సిగరెట్, బీడీ, జర్దాకిళ్ళీ వారాల ముందే మానాలి, మళ్ళీ ముట్టకూడదు. పొగ ఉంటే కుట్టు మానదు, పుండ్లు పడతాయి. చివరి రెండు వారాలు అన్నం, తీపి, నూనె బాగా తగ్గించి పలచటి ఆహారం ఇస్తారు. కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం కాస్త ముడుచుకుంటే, దాని వెనకనున్న ఆహార సంచి దగ్గరికి డాక్టరు చెయ్యి పోతుంది. "చివరిసారి గదా" అని ఆ రెండు వారాల్లో దావతులు తినేవారు తమ ఆపరేషన్‌ను తామే కష్టం చేసుకున్నవారవుతారు. షుగరు మందులు, రక్తం పలచబడే మందులు సొంతంగా ఆపకూడదు, దాచకూడదు.

ఆపరేషన్‌కు పట్టింది రెండు గంటలు. సాయంత్రానికే నడిపించారు. నడిస్తేనే రక్తం గడ్డకట్టదు. ఇంటికి వచ్చాక గుండె విపరీతంగా కొట్టుకున్నా, జ్వరం, తగ్గని కడుపునొప్పి, ఆయాసం, ఒక కాలి వాపు – వీటిలో ఏదున్నా ఊళ్ళో ఆరెంపీ డాక్టరుతో సరిపెట్టుకోకుండా, అదే గంటలో ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి పోవాలి.

అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది. మన కొల్లేరునే చూడండి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ అందులోకే వస్తాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. చేపల చెరువుల గట్లు వేసి సరస్సును కుదించాక, వరద వస్తే ఊళ్ళే మునిగాయి. సంచి చిన్నదైనప్పుడు వచ్చే నీటిని అదుపు చేసుకోవాలి. నా పొట్టా అంతే. మొదటి రెండు వారాలు నీళ్ళూ, పలచటి ద్రవాలూ గుక్కగుక్కగా. తర్వాత కొన్ని వారాలు మెత్తగా మెదిపినవి. సుమారు రెండు నెలలకు మామూలు ఆహారం, అదీ కాఫీ సాసరంత. ఒక్కొక్క ముద్దను పిండి అయ్యేదాకా నమలాలి. తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. అయినా రోజుకు లీటరున్నర నీళ్ళు లోపలికి పోవాలి.

మొదట తినవలసింది మాంసకృత్తులు. రోజుకు కనీసం 60 గ్రాములు. రెండు గుడ్లు 12, నూటయాభై గ్రాముల చేప దాదాపు 27, గ్లాసుడు పాలు 7. మొత్తం 46. మిగిలినది పెరుగు, పప్పు, శనగలతో నింపుకోవాలి. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. ఖరీదైన డబ్బా పొడులు అందరూ కొనలేరు గాని, కొల్లేరు చేప మన గుమ్మంలోకి వస్తుంది. కొర్రమీను ముళ్ళు తక్కువ, మెత్తన. శీలావతి, బొచ్చె అయితే ముళ్ళు ఏరి, వేపుడు కాకుండా పులుసులో ముక్క తీసుకోవాలి. ముదురు మాంసం, పొడి అన్నం, మెత్తటి బ్రెడ్డు మొదట్లో గొంతు కిందే నిలబడిపోతాయి.

ఇక నా తప్పులు చెబుతాను. నాలుగో నెలలో మా మేనకోడలి వలీమా అయింది. పెద్ద ఖాలా ఒకరు "ఒక్క చెంచా బేటా, నా చేత్తో" అని ఖుబానీ కా మీఠా నోట్లో పెట్టారు. కాదనలేక మూడు చెంచాలు తిన్నాను. పావుగంటలో గుండె దడ, చెమట, కళ్ళు తిరగడం, కడుపులో మెలిక. పందిరి వెనక మంచం మీద పడుకోబెట్టారు. బైపాస్ అయినవారికి తీపి ఒక్కసారిగా ప్రేగులోకి దిగితే ఇలా అవుతుంది, దీన్ని డంపింగ్ అంటారు. ఖాలా పాపం ఏడ్చారు. తప్పు ఆమెది కాదు, చెప్పనివాడిది.

రెండో తప్పు ఇంతకంటె పెద్దది. ఏడాది దాటాక "బాగానే ఉన్నాను గదా" అని విటమిన్ మాత్రలు మానేశాను, రక్తపరీక్షకు పోలేదు. 2023 వానాకాలంలో అరికాళ్ళు తిమ్మిరెక్కాయి. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. సుద్దముక్క వేళ్ళలోంచి జారిపోయేది. బి12 అడుగంటిందని తేలింది. సూదులు పొడిపించుకుంటే నెలల మీద తగ్గింది, ఎడమకాలి బొటనవేలు మాత్రం ఇప్పటికీ మొద్దుగానే ఉంది. బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం తీసుకోవలసినవే. రక్తపరీక్ష మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపైన ఏటా ఒకసారి. రోజుల తరబడి వాంతులైతే బి1 తగ్గి మెదడుకే ముప్పు రావచ్చు, ఆలస్యం చేయకూడదు. ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్, ఇబుప్రొఫేన్ వంటివి వేసుకుంటే కుట్టు దగ్గర పుండు పడుతుంది. మందుల షాపులో నోరు తెరిచి "నాకు బైపాస్ అయింది" అని చెప్పాలి. గుండె బైపాస్ అనుకుంటారు, కడుపుదని విడమరచి చెప్పండి. క్యాప్సూల్ తొడుగులో జెలటిన్ ఉంటుందని సందేహించి మానేసేవారున్నారు. మానడం దేనికి, మాత్రల రూపంలో ఇవ్వమని అడిగితే సరి.

పరదా వెనుకనున్న అక్కచెల్లెళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. మూడు నెలలు దాటాక జుట్టు రాలుతుంది, బెదరకండి, తిండి సరిగా ఉంటే తిరిగి వస్తుంది. బరువు తగ్గాక గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. కాని ఏడాది, ఏడాదిన్నర ఆగాలి, లేకపోతే తల్లికీ బిడ్డకూ పోషణ చాలదు. ఆగడానికి ఏ పద్ధతి వాడాలో లేడీ డాక్టరును అడగాలి. బైపాస్ తర్వాత మాత్రలను పూర్తిగా నమ్మడానికి లేదు. మోకాళ్ళు పట్టేసి, గురకతో నిద్రలేక మగ్గిపోతూ "నలుగురూ ఏమంటారో" అని డాక్టరు గడప తొక్కని ఆడవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. భర్తలు, కొడుకులు ఈ మాట వినాలి.

రంజాన్ సంగతి చాలామంది రహస్యంగా అడుగుతారు. గుక్కగుక్కగా రోజంతా నీళ్ళు తాగవలసిన మనిషి మొదటి ఏడాది రోజా ఉంటే నీరు ఎండిపోయి ప్రమాదం. వైద్యులు సాధారణంగా వద్దంటారు. రోగికి దీన్‌లో సడలింపు ఉన్నదే. కజా ఎప్పుడు, ఫిదియా ఎవరికి అన్నది మౌలానా సాహెబులను అడగండి. ఒంటి సంగతి డాక్టరును అడగండి. 2022 రంజాన్‌లో నేను రోజాలు ఉండలేదు. ఉన్నట్టు నటించాను. ఆ నటన ఆకలికంటె ఎక్కువ బాధించింది. ఇప్పుడు డాక్టరు అనుమతితో ఉంటున్నాను. ఇఫ్తార్‌లో ఒక ఖర్జూరం, నెమ్మదిగా నీళ్ళు, తర్వాత గుడ్డో చేపో. పకోడీల వైపు చూడను. చూసినా చెయ్యి చాపను.

సోదరులారా, ఆపరేషన్ బరువును తీసివేస్తుంది గాని బుద్ధిని మార్చదు. రెండేళ్ళు దాటాక ఆకలి తిరిగి వస్తుంది, టీలో పంచదార తిరిగి వస్తుంది, కిలోలూ వస్తాయి. నాకూ మూడు వచ్చాయి. కాలువ గట్టున నడక అబద్ధంగా చెప్పినవాణ్ణి, ఇప్పుడు నిజంగా రోజూ నడుస్తున్నాను. ఇన్సులిన్ పోయింది. సజ్దా నేలమీదే చేస్తున్నాను. అల్‌హందులిల్లాహ్.

ఇక నా మనవి. సంఘాన్ని డబ్బు అడగడం లేదు. మూడు మాటలు అడుగుతున్నాను. ఒకటి: మన దస్తర్‌ఖాన్ మీద ఎవరైనా "చాలు" అంటే, అది చాలే అని నమ్మండి. కసమ్ వేసి పెట్టకండి. మెహమాన్‌కు కడుపునిండా పెట్టడం మన మర్యాద, నిజమే. అతని కడుపు ఎంతో తెలుసుకోవడం ఇంకా పెద్ద మర్యాద. రెండు: ఆసుపత్రికి ఒంటరిగా పోతున్నవారికి తోడుగా పోయే నలుగురి పేర్లు కార్యదర్శిగారి దగ్గర ఉండాలి. మొదటి పేరు నాది రాసుకోండి. మూడు: లావుగా ఉన్న పిల్లలను బడిలో గాని, ఇంట్లో గాని పేరుపెట్టి పిలవకండి. ఆ పేరు వాళ్ళు ముప్ఫై ఏళ్ళు మోస్తారు.

నా శిష్యుడు ఇప్పుడు పరీక్షలు చేయించుకుంటున్నాడు. ఆపరేషన్ చేయాలా, మందులతో చూడాలా అని డాక్టర్లు ఇంకా తేల్చలేదు. ఏది తేల్చినా వాడి వెంట నేను పోతాను. పోయినసారి విజయవాడ రైల్లో వాడు "సార్, కుర్చీలో కూర్చుంటున్నాను చూశారా" అన్నాడు. చూశాను. మీరూ చూడాలని ఇంతసేపు మాట్లాడాను.

 సభ తర్వాత భోజనాలున్నాయి. నా ప్లేటు చిన్నది, దయచేసి నవ్వకండి. సెలవు. ఖుదా హాఫిజ్.